విరిగింది కాదు, విరగ్గొట్టిన

"సార్, బ్లేడు విరిగింది."

నవీన్ రంపం బ్లేడు రెండు ముక్కలనూ అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. జానీ పాషా వాటి వైపు చూడలేదు. వైసులో బిగించి ఉన్న ఇనుప పలకనే చూస్తూ అడిగాడు.

"ఎవరు విరగ్గొట్టిన్రు?"

"ఎవరు విరగ్గొట్టలే సార్. అదే విరిగింది."

"అదే అంటే? బెంచి మీదికెల్లి లేచి, నడుము మీద చెయ్యి పెట్టుకొని, ఇగ నేను విరుగుత అన్నదా?"

షెడ్డులో ఉన్న పదహారు మందీ నవ్వారు. నవీన్ కూడా నవ్వాడు కానీ పట్టు వదల్లేదు.

"పాత బ్లేడు సార్ అది."

"పొద్దున నీ ముంగటనే కొత్త ప్యాకెట్ ఇప్పిన."

"ఇనుము బాగ గట్టిగున్నది సార్."

"ఇనుము మెత్తగుంటదని నీకెవరన్న చెప్పిన్రా బిడ్డా? పుస్తకం తియ్యి. నేను అని మొదలువెట్టు."

సిద్దిపేట బైపాసు పక్కన, రేకుల షెడ్డులో నడిచే ఆ ప్రైవేటు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివే ప్రతి ఒక్కరి దగ్గరా ఒక వందపేజీల నోటుబుక్కు ఉంటుంది. దాన్ని పిల్లలు 'నేను పుస్తకం' అంటారు. అందులో ఏ పద్దయినా 'నేను' అని మొదలు కావాలి. విరిగింది, తెగింది, వంగింది, ఖరాబైంది అనే మాటలు రాయడానికి వీల్లేదు.

ఆరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, సామాన్ల లెక్క చూస్తూ జానీ పాషా నష్టాల రిజిస్టరు తిరగేశాడు. డ్రిల్ బిట్టు విరిగినది. కొలబద్ద వంగినది. ఆకురాయి పిడి ఊడినది. ఏడాది మొత్తం మీద అరవై రెండు పద్దులుంటే, వాటిలో ఒక్క మనిషి లేడు. షెడ్డు తాళం వేశాక సామాన్లు వాటంతటవే లేచి కొట్టుకు చచ్చినట్టుంది ఆ రిజిస్టరు. ఇంట్లో తను మాట్లాడే ఉర్దూలోనూ ఇదే వెసులుబాటు ఉందని ఆ రోజే గమనించాడు. కప్పు చేజారితే 'టూట్ గయా', పగిలింది అంటారు. 'తోడ్ దియా', పగలగొట్టిన అని ఎవరూ అనరు. ఏ భాషలోనైనా చెయ్యి తప్పుకోవడానికి ఒక సందు ఉంది. దాన్ని మూయాలనుకున్నాడు.

పుస్తకంతో పాటు ఇంకో నియమం పెట్టాడు. ముక్కను ఆకురాయితో రాకి చదును చేశాక, మూల సరిచూసే గునియా ఆనించి కిటికీకి ఎదురుగా పట్టుకుంటారు. మూల సరిగా ఉంటే గునియాకూ ఇనుముకూ మధ్య వెలుతురు రాదు. తప్పు ఉన్నచోట సన్నటి గీతలా వస్తుంది. జానీ పాషా దగ్గర మాత్రం, కిటికీ దగ్గరికి పోకముందే వెలుతురు ఎక్కడ వస్తుందో నోటితో చెప్పాలి. చెప్పకుండా గునియా ముట్టుకుంటే ముక్కను మళ్లీ మొదటినుంచి చేయిస్తాడు.

"చూస్తే తెలుస్తది గదా సార్, ముందుగాల చెప్పుడెందుకు?" అని ప్రతి బ్యాచీలో ఎవరో ఒకరు అడుగుతారు.

"రేపు కంపెనీల నీ పక్కపొంటి నేనుండ. గునియా బి ఉండకపోవచ్చు. నీ చెయ్యి మాత్రం నీతోనే ఉంటది. అదేం జేస్తదో నీకెర్క ఉండాలె," అంటాడు.

జానీ పాషా తండ్రి సాన పట్టేవాడు. కొమురవెల్లి జాతర నెలల్లో సానచక్రం భుజాన వేసుకుని పోయి, మటన్ కొట్ల కత్తులన్నీ తనే పదును పెట్టేవాడు. కత్తి తిరిగి ఇచ్చేటప్పుడు పదునైందని చెప్పేవాడు కాదు. గిరాకీ చేతిలోనే పెట్టి, 'నువ్వే చూస్కో' అని పక్కకు తిరిగేవాడు. ఆ గుణమే కొడుక్కు వచ్చిందని భార్య ఖాతూన్ అంటుంది. జానీ పాషా యాభై నాలుగేళ్ల మనిషి. ఇరవై ఆరేళ్లుగా ఆ షెడ్డులోనే పని. ఎడమచేతి చూపుడువేలికి పై కణుపు లేదు.

ఆ వేలి సంగతి ప్రతి కొత్త బ్యాచీ అడుగుతుంది. ఆయన జవాబు పంతొమ్మిదేళ్లుగా ఒకటే: "గ్రైండర్ల పోయింది. చక్రం మీద గార్డు మూత లేకుంటే గట్లనే పోతది. జాగ్రత్త."

* * *

ఆ శుక్రవారం ప్రిన్సిపాల్ దామోదర్ ఆయన్ని ఆఫీసుకు పిలిపించాడు. ఆ భూమి, భవనం దామోదర్ కుటుంబానివే. కోపిష్టి కాదు కానీ కాగితాన్ని నమ్మే మనిషి. టేబుల్ మీద పదహారు 'నేను పుస్తకాలు' దొంతర పెట్టి ఉన్నాయి.

"పాషా సార్, ట్రాక్టర్ పార్ట్స్ కంపెనోళ్లు అయిదుగురిని అప్రెంటిస్‌కు తీసుకుంటమన్నరు. సోమవారం వాళ్ల మేడం వస్తది. లిస్టు తయారు జేసిన. చూడున్రి."

జానీ పాషా చూశాడు. ఆరు పేర్లున్నాయి. మొదటి పేరు నవీన్. నాలుగో పేరు మీద అడ్డంగా గీత గీసి ఉంది. గీత కింద రుచిత.

"ఈ పిల్ల పేరెందుకు కొట్టేసిన్రు సార్?"

"గీ పుస్తకాలన్ని లెక్కవెట్టిన. నవీన్ తప్పులు నాలుగు. మిగిలినోళ్లయి ఆరో ఏడో. రుచితవి ముప్పై ఎనిమిది! అన్ని నేను జేసిన, నేను జేసిన అని సొంతంగ సంతకం బెట్టి రాసింది. గిది కంపెనోళ్ల చేతుల పడితే మన ఇజ్జతేం గావాలె?"

"నవీన్ బి నలభై తప్పులు జేసిండు సార్. రాసినయి నాలుగు."

"రాయనిది నాకెట్ల తెలుస్తది?" దామోదర్ నిజంగానే అడిగాడు. "పుస్తకం పెట్టించింది మీరే. పెట్టిచ్చినంక దాన్ని చూడొద్దంటే ఎట్ల?"

జానీ పాషా ఆ పుస్తకం ఎవరి తప్పు వాళ్లు చూసుకోవడానికి పెట్టాడు. దాన్ని ఇంకొకరు నేరాల పట్టీలా చదువుతారని ఆరేళ్లలో ఒక్కసారీ తట్టలేదు. రుచిత పుస్తకం తీసి ఒక పేజీ తెరిచాడు.

'నేను ఆకురాయి చివరికి నెట్టేటప్పుడు ఎడమచెయ్యి దించుతున్న. అందుకే అంచు గుండ్రంగ చేస్తున్న. నేను బస్సుల నిలబడ్డప్పుడు కూడ ఎడమకే ఒరుగుతున్న, నిన్న చూసుకున్న. రేపు ఎడమకాలు జానెడు ముందుకు పెట్టి చూస్త.'

"ఇంత తెలిసిన ఫిట్టర్‌ను నేను ఇంతవరకు చూడలే సార్," అన్నాడు. "మేడం వచ్చిననాడు పదహారు మందిని బెంచీల మీద నిలబెట్టి చూపిద్దాం. ఆమెనే చూసి తీసుకుంటది."

"ఆమె చూస్త అంటే చూడని. వద్దు, లిస్టు చాలు అంటే మాత్రం గిదే లిస్టు."

దామోదర్ నుంచి అంతవరకే మాట దొరికింది.

సాయంత్రానికి ఈ మాట షెడ్డంతా తెలిసిపోయింది. మర్నాడు పొద్దున పుస్తకాలు తెరిస్తే, కొత్తగా రాసినవాళ్లెవరూ 'నేను' అని మొదలుపెట్టలేదు. 'బిట్టు విరిగింది. మెషిన్ ఊగుతుంది.' 'లైను తప్పింది. లైటు సరిగ లేదు.' రుచిత పుస్తకంలో అసలేమీ లేదు. ఆమె బెంచి దగ్గర ముక్కను రాకుతూనే ఉంది.

ఎర్రవల్లి పిల్ల. సిద్దిపేటలో చిన్నమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. ఎండాకాలం సెలవుల్లో పనికోసం మూడు వర్క్‌షాపులకు పోయి అడిగితే మూడు చోట్లా నవ్వి, బిల్లులు రాస్తావా అని అడిగారు. ఈ అయిదుగురిలో పేరు లేకపోతే ఆకురాయి పట్టిన రెండేళ్లూ అక్కడితో ఆగినట్టే.

"పుస్తకం ఏది బిడ్డా?"

"సంచిల ఉన్నది సార్."

"నిన్న డ్రిల్లు పక్కకు పోనిచ్చినవు గదా. రాయలేదేంది?"

రుచిత ఆకురాయి కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"పక్కకు పోయింది అని రాస్తే లిస్టుల నా పేరు ఉంటుండె గదా సార్?"

చుట్టూ ఆకురాళ్ల చప్పుడు ఒక్కొక్కటే తగ్గింది.

"మీరు రాయుమంటేనే రాసిన సార్. ముప్పై ఎనిమిది రాసిన. మీరు ఒక్కటన్న రాసిన్రా? మీ పుస్తకమేది?" ఆమె చూపు ఆయన చేతి మీదికి పోయింది. "వేలు పోయింది అంటరు. అది పోయిందా సార్, పోగొట్టుకున్నరా?"

"ఏయ్ రుచితా!" అన్నాడు నవీన్, సార్ తరఫున.

"నువ్వూకో," అని జానీ పాషా నవీన్‌ను ఆపాడు. రుచితతో, "సోమవారం చెప్త," అన్నాడు. "నువ్వు మాత్రం డ్రిల్లు సంగతి ఇయ్యాలనే రాయి."

"రాస్తే?"

"రాయి బిడ్డా. మిగిలింది నా పని."

* * *

ఆదివారం భోజనాలయ్యాక జానీ పాషా కొత్త నోటుబుక్కు ఒకటి కొనుక్కొచ్చి వరండాలో కూర్చున్నాడు. మొదటి పేజీ మీద 'గార్డు ఊడి ఉంది' అని రాశాడు. కొట్టేశాడు. 'ఆ రోజు గార్డు లేనందున' అని రాశాడు. అదీ కొట్టేశాడు.

"పరీక్ష మీకా, పిల్లలకా?" అని ఖాతూన్ ఉర్దూలో అడిగింది, చాయ్ గ్లాసు పక్కన పెడుతూ. "రెండు లైన్లకు గంట పట్టింది."

"నా వేలు ఎట్ల పోయిందో నీకు చెప్పిన కదా," అన్నాడు ఆయనా ఉర్దూలోనే. "అది సగమే."

మిగతా సగం చెప్పాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"గేటు దగ్గరుండే భూపతికి తెలుసా?" అని ఖాతూన్ అడిగింది.

"తెలియకుండా ఎట్లుంటది?"

"అయితే రోజూ పొద్దున ఆయన సలామ్ ఎట్ల తీసుకున్నరు మీరు?" అని లేచి లోపలికి పోయింది.

జానీ పాషా మూడోసారి కలం పట్టుకున్నాడు. ఈసారి 'నేను' అని మొదలుపెట్టాడు. అక్కడినుంచి ఆగలేదు.

* * *

సోమవారం తొమ్మిదింటికి, కంపెనీ మేడం రావడానికి గంట ముందే, జానీ పాషా నవీన్‌ను గేటు దగ్గరికి పంపి భూపతిని పిలిపించాడు. భూపతి ఆ ఐటీఐ వాచ్‌మన్. ఒకప్పుడు ఆ షెడ్డులోనే హెల్పరు. పొద్దున్నే మెషిన్లకు నూనె పోసి, స్క్రూలు బిగించి, చక్రాలు తిప్పి చూసేవాడు. గ్రైండర్ ప్రమాదం జరిగిన నెలలోనే అతన్ని గేటుకు మార్చారు. అప్పటినుంచి షెడ్డు గడప తొక్కలేదు. ఇప్పుడూ గడప అవతలే నిలబడ్డాడు.

"ఏంది సార్, గేటు వదిలి రావొద్దు గదా?"

"రెండు నిమిషాలు భూపతీ." జానీ పాషా పుస్తకం తెరిచాడు. పిల్లలు చేతుల్లో ఉన్నవి కింద పెట్టారు. రుచిత కిటికీ పక్కన నిలబడింది. ఆయన రాసింది రాసినట్టే చదివాడు.

"నేను ఒక చిన్న ముక్క సాన పడుతున్న. నేను గార్డు అడ్డమొస్తున్నదని నాలుగు స్క్రూలు ఇప్పి ఊడదీసిన. నేను దాన్ని కిటికీల పెట్టిన. నేను నా వేలు నరుక్కున్న. నేను దవాఖానల అడిగినోళ్లకు, గార్డు ఊడి ఉండె అని చెప్పిన. నేను భూపతి పేరు చెప్పలే. బిగించుడు భూపతి పని గనుక వాళ్లే భూపతి పేరు రాసుకున్నరు. నేను కాదనలే. నేను పంతొమ్మిదేండ్లు కాదనలే."

పుస్తకం మూశాడు. పైన రేకుల మీద కాకి నడిచిన చప్పుడు వినబడింది.

భూపతి భుజం మీది తువ్వాలు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"ఆ పొద్దు నాలుగు స్క్రూలు నేనే బిగించిన సార్. నాలుగోదానికి వాషర్ లేకుంటే నా సైకిల్ది తీసి పెట్టిన. గంత యాదికున్నది నాకు." గడప అవతలినుంచే గ్రైండర్ వైపు చూశాడు. "మా ఇంటామెకు చెప్పిన. ఆమె నమ్మింది. ఇంకెవరు నమ్మలే."

"అవును భూపతీ."

"పోరగాండ్ల ముంగట చదివిన్రు. మంచిదే. కానీ నన్ను గేటుకు పంపింది పోరగాండ్లు గాదు గదా సార్?"

"ఆఫీసుల గూడ రాసిస్త. ఇయ్యాలనే."

"రాసిచ్చినంక చెప్పున్రి."

బయట కారు హారన్ మోగింది, అనుకున్నదానికన్నా ముందే. భూపతి గేటు తీయడానికి పోయాడు. రుచిత సంచిలోంచి తన పుస్తకం తీసి బెంచి మీద పెట్టింది.

* * *

కంపెనీ ట్రైనింగ్ ఆఫీసర్ పేరు శ్రీవాణి. ముప్పై అయిదేళ్లుంటాయి. కారు దిగగానే, లిస్టు తర్వాత చూస్తానని నేరుగా షెడ్డులోకి వచ్చింది. జానీ పాషా అడగాలనుకున్న మాట అడగనవసరం లేకపోయింది.

ప్రతివాళ్లూ రెండు ముక్కలు తయారు చేసి ఉంచారు. ఒకదానికి మధ్యలో చదరపు గాడి, రెండోది అందులో కూర్చునే పలక. ఎంత బాగా కూర్చుంటే అంత పనితనం.

"ముక్కలు జతజెయ్యకముందు పిల్లలను ఒక మాట అడగున్రి మేడం," అన్నాడు జానీ పాషా. "వెలుతురు యాడ వస్తదని."

శ్రీవాణి ఆయన వైపు ఆసక్తిగా చూసి తలూపింది. నవీన్ ముందుకొచ్చాడు. అతని ముక్కలు అద్దంలా మెరుస్తున్నాయి.

"ఎక్కడ వస్తుంది?"

"యాడ రాదు మేడం. పర్ఫెక్టు."

ఆమె వాటిని జతచేసి కిటికీకి ఎదురుగా పట్టింది. గాడి అడుగున దారమంత వెలుతురు.

"ఇదెందుకు వచ్చింది?"

"మెషిన్... కాదు మేడం, చేతితోనే చేసినం." నవీన్ తడబడ్డాడు. "ఎందుకో వచ్చింది మేడం."

మరో పద్నాలుగు మంది అలాగే వచ్చి చూపించారు. కొందరు సరిగా చెప్పారు, ఎక్కువమంది ఊహించారు. రుచిత ముక్కలకు నవీన్ ముక్కలంత మెరుపు లేదు.

"ఎడమ కింది మూలకు వస్తది మేడం," అంది రుచిత, అవి ఆమెకు ఇవ్వకముందే. "గోరు మందం. నేను చివరికి ఎడమచెయ్యి దించుత. కాలు ముందుకు పెట్టినంక తగ్గించిన, పూర్తిగ పోగొట్టలే."

శ్రీవాణి కిటికీ వైపు తిరిగింది. ఎడమ కింది మూలలో గోరు మందం వెలుతురు. ఆమె ముక్కలను ఇంకొంచెం తిప్పింది. కుడివైపు పైన ఇంకో సన్నటి గీత.

"మరి ఇది?"

రుచిత దగ్గరికి వచ్చి వంగి చూసింది. ముఖం ఎర్రబడింది.

"గది నాకు తెల్వలే మేడం." కలం తీసింది. "ఒక్క నిమిషం, రాసుకుంట."

శ్రీవాణి ఆ పుస్తకం అడిగి తీసుకుంది. నిలబడే చాలా పేజీలు చదివింది. చదివాక దామోదర్ ఇచ్చిన లిస్టు చూసింది.

"ఈ అమ్మాయి పేరు ఇందులో కొట్టేసి ఉందేమిటి సార్?"

"అది... టైపింగ్‌ల ఏదో తప్పైంది మేడం," అన్నాడు దామోదర్.

షెడ్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. శ్రీవాణికి అర్థం కాలేదు. దామోదర్‌కు అయింది. పిల్లల వైపు ఒకసారి, పాషా వైపు ఒకసారి చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

"నేనే కొట్టేసిన మేడం," అన్నాడు, ఒక్కో మాటా నములుతున్నట్టు. "పుస్తకం సరిగ చదవకుండ కొట్టేసిన. ఇప్పుడు నేనే రాస్తున్న."

"అయిదుగురే కావాలి. అప్పుడు ఒకరు తగ్గాలి." ఆమె నవీన్ పేరు మీద వేలు పెట్టింది. "ఈ అబ్బాయి చెయ్యి చాలా బాగుంది. కానీ తన తప్పు ఎక్కడుందో తెలియని మనిషిని మెషిన్ ముందు నిలబెట్టడం నాకు భయం. మూడు నెలల తర్వాత ఇంకో బ్యాచీ తీసుకుంటాం. అప్పుడు రమ్మనండి."

కారు పోయాక అందరూ రుచిత చుట్టూ మూగారు. నవీన్ మాత్రం బెంచి చివర కూర్చుని, నాలుగు పేజీలు తప్ప అంతా ఖాళీగా ఉన్న తన పుస్తకాన్ని తెరుచుకున్నాడు. జానీ పాషా అటు పోబోయి ఆగాడు. ఆ పని ఎవరికి వాళ్లు చేసుకోవలసిందే.

* * *

జానీ పాషా రాసిచ్చిన కాగితం చదివి దామోదర్ కళ్లద్దాలు తీశాడు. పంతొమ్మిదేళ్ల కిందట ఆ ఎంక్వయిరీ రాసింది తనే.

"పాషా సార్, ఇది ఇన్‌వర్డ్ రిజిస్టర్ల ఎక్కితే పాత ఫైలు తెరవాలె. మీ మీదనే ఎంక్వయిరీ అయితది. ఇన్నేండ్లకు ఎందుకిది?"

"అయితది కాదు సార్. మీరు చేస్తరు. చెయ్యున్రి. ముద్ర కొట్టున్రి."

దామోదర్ ముద్ర తీశాడు. కొట్టేముందు ఒకసారి ఆయన ముఖంలోకి చూశాడు, మనసు మార్చుకుంటాడేమోనని. జానీ పాషా కాగితం అంచులు రెండు చేతులతో, ఉన్న తొమ్మిదిన్నర వేళ్లతో, కదలకుండా పట్టుకున్నాడు.

ముద్ర పడిన నకలు తీసుకుని గేటు దగ్గరికి పోయాడు. భూపతి స్టూలు మీంచి లేచి దాన్ని అందుకున్నాడు. ఒక్కో లైను కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

"నేను అని ఎన్నిసార్లు రాసిన్రు సార్ ఇందుల?"

"ఏడు సార్లు."

భూపతి లెక్కపెట్టాడు. "ఎనిమిది," అన్నాడు.

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి చాపాడు.

"షెడ్డు తాళం ఇటియ్యున్రి. రేపు పొద్దుగాల నేను తెరుస్త. ఆ గార్డు స్క్రూలు ఎట్లున్నయో చూడాలె."